కడిగిన గుడ్లు, పెరగని పిల్లలు: ఒక ఎర్రనల్లి పెంపక గది కేసు

పోయిన ఏడాది సెప్టెంబరు మొదటి వారంలో, హైదరాబాద్ శివారున శామీర్‌పేట వైపు ఉన్న ఒక చిన్న ప్రైవేటు ప్రయోగశాల నుంచి నాకు ఫోన్ వచ్చింది. వేప గింజల నుంచి తీసిన మందులు పురుగుల మీద ఎంతవరకు పనిచేస్తాయో పరీక్షించి చెప్పడం వాళ్ళ పని. అందుకోసం ఒక ఏసీ గదిలో పత్తి ఎర్రనల్లిని, అంటే డిస్‌డెర్కస్ సింగ్యులేటస్ అనే పురుగును, తరం తర్వాత తరంగా పెంచుకుంటూ వస్తున్నారు. ఫోన్ చేసిన అమ్మాయి ఆ గదిని రోజూ చూసుకునే టెక్నీషియన్. "మేడమ్, పిల్లలు రెండో కుబుసం దాకా మంచిగనే ఉంటున్నయి, ఆ తర్వాత ఆగిపోతున్నయి. తింటున్నయి గానీ పెరుగుతలేవు" అని ఆమె చెప్పిన మాటలోనే ఈ కేసుకు కావలసిన ముఖ్య లక్షణం ఉంది. దాన్ని సరిగా వినడానికి నాకు మాత్రం మూడు వారాలు పట్టింది.

పురుగు పేరు దగ్గరే ఒక తికమకను తొలగించాలి. మన రైతులు ఎర్రనల్లి అనే మాటను రెండింటికి వాడతారు. ఆకుల అడుగున సన్నని గూడు అల్లుతూ, భూతద్దం లేకుండా సరిగా కనబడని ఎనిమిది కాళ్ళ నల్లి ఒకటి. పత్తి కాయల మీద, ముదురు బెండకాయల మీద, బూరుగు చెట్ల కింద రాలిన కాయల చుట్టూ గుంపులుగా పాకే ఎర్రటి ఆరు కాళ్ళ పురుగు ఇంకొకటి. ఈ కేసు రెండోదాని గురించి. పెద్ద పురుగు దాదాపు ఒకటింపావు సెంటీమీటరు పొడవుంటుంది, ముందు రెక్క ఒక్కొక్కదాని మీద ఒక నల్లటి చుక్క ఉంటుంది, పొట్ట అడుగున తెల్లని అడ్డచారలు ఉంటాయి. సూదిలాంటి తొండంతో గింజలోకి లాలాజలం వదిలి, కరిగిన సారాన్ని పీల్చుకోవడం దీని తిండి పద్ధతి. పత్తిలో దూదికి పసుపు మరకలు పట్టడానికి కారణమయ్యేది ఇదే. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పురుగు అయిదు దశలు దాటి, అయిదోసారి కుబుసం విడిచాక రెక్కల పురుగు అవుతుంది. మొదటి దశలో అది గింజను ముట్టదు. తడి ఉంటే చాలు, పెంకుల దగ్గరే గుంపుగా ఉండిపోతుంది. ఆ గుంపును చూసి మొదటి దశ పిల్లలు ఏమీ చేయడం లేదని అనుకోవడం పెంపక గదుల్లో మామూలే. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

మొదటిసారి వెళ్ళినప్పుడు గది చూస్తే తప్పు పట్టడానికి ఏమీ కనబడలేదు. ఉష్ణోగ్రత 27 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంది, తేమ 65 శాతం చుట్టూ ఉంది, గది అద్దంలా ఉంది. పారదర్శకమైన కొత్త డబ్బాలు వరసగా పేర్చి, ఒక్కొక్కదాని మీద గుడ్డు పెట్టిన తేదీ, దశ, సంఖ్య రాసిన చీటీ అంటించారు. డబ్బా లోపల తెల్లని కాగితం, నానబెట్టిన పత్తి గింజలు, నీటి సీసాలోంచి వచ్చే దూది వత్తి. చీటీ ప్రకారం 24 రోజులు నిండిన ఒక డబ్బాలో పెద్ద పురుగులు కనబడడం మొదలవ్వాలి. అందులో ఉన్నవి మాత్రం మూడో దశ పిల్లలు, అవి కూడా కొన్నే. మామూలుగా ఆ దశ పిల్లలకుండే గాఢమైన ఎరుపు లేక, వెలిసిపోయిన నారింజ రంగులో ఉన్నాయి. పొట్టలు ఖాళీగా లేవు, గింజల మీద తొండం దించిన గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. కొన్ని కుబుసం సగం విడిచి, పాత తోలులో కాళ్ళు ఇరుక్కుని చచ్చిపోయాయి.

ఆకలితో చచ్చే పురుగు ఇలా ఉండదు, రోగంతో చచ్చే గుంపు కూడా సాధారణంగా ఇంత తాపీగా చావదు. తింటూ పెరగకపోవడం, పెరుగుదల ఒకే మెట్టు దగ్గర ఆగడం, కుబుసం దగ్గర చావడం అనే ఈ మూడూ కలిసి కనబడితే తిండిలో ఏదో లోపించిందని అర్థం. అయితే తిండి మారలేదు. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి ఆలోచించి ఉంటే జవాబు అప్పుడే దొరికేది. నేను మాత్రం అలవాటు ప్రకారం అనుమానితుల జాబితా పట్టుకుని ఒక్కొక్కదాన్నే తీసేస్తూ పోయాను.

మొదటి అనుమానం గింజల మీదే. విత్తనానికి అమ్మే పత్తి గింజలకు పురుగుమందు పట్టించి రంగు వేసి ఇస్తారు. అలాంటివి ఒక్క గుప్పెడు కలిసినా పెంపకం మొత్తం పోతుంది. వీళ్ళు మాత్రం గేదెల దాణాకు అమ్మే, నూగు తీయని, రంగు లేని గింజలనే మొదటినుంచీ ఒకే కొట్టులో కొంటున్నారు. పైగా పురుగుమందు తగిలిన పిల్లలు వణుకుతూ, వెల్లకిలా పడి, ఒకటి రెండు రోజుల్లో పోతాయి గానీ మూడు వారాలు నీరసంగా బతకవు.

రెండో అనుమానం కాగితం. కొత్తవాళ్ళకు ఇది వింతగా అనిపించవచ్చు గానీ, ఈ కుటుంబం పురుగులను పెంచేవాళ్ళెవరూ కాగితాన్ని తేలిగ్గా తీసుకోరు. 1960ల మధ్యలో కారెల్ స్లామా అనే చెక్ శాస్త్రవేత్త ఎర్రనల్లికి దగ్గరి చుట్టమైన పిర్రోకోరిస్ ఆప్టెరస్‌ను ప్రాగ్ నుంచి అమెరికాకు, హార్వర్డ్‌లో కారల్ విలియమ్స్ ప్రయోగశాలకు తీసుకువెళ్ళాడు. యూరప్‌లో చక్కగా పెరిగిన ఆ పురుగులు అక్కడ పెద్దవి కాకుండా, అదనంగా ఇంకో కుబుసం విడిచి పెద్ద సైజు పిల్లలుగానే మిగిలిపోయి చచ్చేవి. వెతికి వెతికి చూస్తే కారణం డబ్బాల్లో పరిచిన కాగితపు తువ్వాళ్ళు. వాటి తయారీకి వాడిన బాల్సమ్ ఫర్ చెట్టు కలపలో పురుగు బాల్య హార్మోన్‌ను, అంటే పిల్లను పెద్దది కాకుండా పిల్ల దశలోనే ఉంచే హార్మోన్‌ను, పోలిన పదార్థం ఉంది. తర్వాత దానికి జువాబయోన్ అని పేరు పెట్టారు. శామీర్‌పేటలోనూ జులైలో కాగితం మార్చారని తెలియగానే నాకు ప్రాణం లేచివచ్చింది. కానీ లక్షణాలు కలవలేదు. కాగితం దోషమైతే పిల్లలు అయిదో దశ దాకా బాగానే పెరిగి, ఆ తర్వాత దారి తప్పుతాయి. ఇక్కడివి అయిదో దశ ముఖమే చూడడం లేదు. అయినా కాగితం తీసేసి కడిగిన ఇసుక పరిపించాను. రెండు వారాలు పోయాయి, మార్పేమీ లేదు.

ఈలోగా ప్రయోగశాల మేనేజర్ తనవంతు వైద్యం చేశాడు. పిల్లలు చస్తున్నాయంటే ఏదో క్రిమి చేరి ఉంటుందని, గుడ్లను ఇంకా ఎక్కువసేపు కడగమని చెప్పాడట. గుడ్లు కడగడం అనే మాట నా చెవిన పడడం అదే మొదటిసారి. పెంపక రిజిస్టరులో అది ఎక్కడా లేదు, ఎందుకంటే దాన్ని ఎవరూ ఒక మార్పుగా లెక్కపెట్టలేదు. చేతులు కడుక్కున్నామని రిజిస్టరులో ఎవరు రాస్తారు?

సమస్యకు మూలం కనబడింది మాత్రం గది మూలనున్న టబ్బులో. వెళ్ళబోతూ ఆ అమ్మాయిని ఆఖరి ప్రశ్నగా, గదిలో బాగా ఉన్న పురుగులు ఎక్కడైనా ఉన్నాయా అని అడిగాను. ఆమె కాస్త తటపటాయించి, బల్ల కింద నుంచి మూతకు జాలీ గుడ్డ కట్టిన పాత ప్లాస్టిక్ టబ్బును లాగింది. లెక్కకు మించిన గుడ్లనూ పిల్లలనూ పారేయడానికి మనసొప్పక వేసవి నుంచీ అందులో వేస్తూ వచ్చింది. ఎవరూ శుభ్రం చేయలేదు. అడుగున పీల్చేసిన గింజల డొల్లలు, విడిచిన కుబుసాలు, ఎండిన రెట్టల మరకలు పొరలుగా పేరుకున్నాయి. వాటి మీద అన్ని దశల పురుగులూ, ముదురు ఎరుపులో నిగనిగలాడుతూ, జతకట్టి తోకలు అంటించుకుని చెరో దిక్కుకు లాక్కుంటూ తిరుగుతున్నాయి. అదే గింజ, అదే నీరు, అదే గది, అదే వంశం. మొత్తం గదిలో అత్యంత మురికిగా ఉన్న చోటే అత్యంత ఆరోగ్యంగా ఉన్న పురుగులున్నాయి.

అప్పుడు కూర్చుని తేదీలు రాయించాను. అంతకుముందు ఏడాది డిసెంబరులో ఒక బెండ తోట నుంచి తెచ్చిన పురుగులతో పెంపకం మొదలైంది. మార్చిలో గుడ్ల కుప్పలకు బూజు పట్టడం ఎక్కువై, పలుచని సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్) ద్రావణంలో గుడ్లను ముంచి, మంచినీళ్ళతో కడిగి పెట్టడం మొదలుపెట్టారు. బూజు పోయింది, పిల్లలు బాగానే పెరిగాయి. కాబట్టి కడగడంలో దోషం లేదని అందరూ తీర్మానించుకున్నారు. జులైలో కొత్త డబ్బాలు వచ్చాయి, పరీక్షలకు ఒకే వయసు పిల్లలు కావాలి గనుక దశల వారీగా వేరు చేయడం మొదలైంది. అంతవరకు కడిగిన గుడ్లను కూడా పెద్ద పిల్లలున్న పాత డబ్బాల్లోనే పెట్టేవాళ్ళు. ఆగస్టు రెండో వారానికి పిల్లలు ఆగిపోవడం కనబడింది.

ఒక మార్పు మార్చిలో, ఇంకో మార్పు జులైలో. ఏ ఒక్కటీ ఒంటరిగా హాని చేయలేదు. రెండూ కలిసినప్పుడు మాత్రం ఒక దారి పూర్తిగా మూసుకుపోయింది. ఆ దారిలో వచ్చేదేమిటో చెప్పాలంటే పురుగు పేగులోకి వెళ్ళాలి.

చాలా పురుగుల తిండిలో ఏదో ఒక వెలితి ఉంటుంది. మొక్క రసం పీల్చే పేనుబంకకు చక్కెర పుష్కలంగా దొరుకుతుంది గానీ అత్యవసర అమైనో ఆమ్లాలు దొరకవు. వాటిని దాని ఒంట్లోని ప్రత్యేక కణాల్లో కాపురముండే బుక్నెరా అనే బ్యాక్టీరియా తయారుచేసి పెడుతుంది. కలప తినే చెదపురుగులకు నత్రజని కరువు. వాటి పేగులోని సూక్ష్మజీవుల్లో కొన్ని గాలిలోని నత్రజనినే పట్టి ఇస్తాయి. జీవితాంతం నెత్తురు మాత్రమే తాగే పురుగులకు బి విటమిన్లు చాలవు. దక్షిణ అమెరికా రక్తపిపాసి నల్లి రోడ్నియస్‌కు పేగులోని రోడోకాకస్ బ్యాక్టీరియా లేకపోతే పిల్లలు నడిమి దశల్లోనే ఆగిపోతాయని విగిల్స్‌వర్త్, ఆయన సహచరులు 1940లలోనే చూపించారు. ఆ పిల్లలకు బ్యాక్టీరియా చేరే దారి పెద్ద పురుగుల రెట్ట.

ఎర్రనల్లి కుటుంబంలో ఈ లెక్క కాస్త ఆలస్యంగా తేలింది. గింజలో మాంసకృత్తులు, నూనె దండిగా ఉంటాయి కాబట్టి దానికి లోటేముంటుందని అనుకునేవాళ్ళు. 1988లో హాస్, క్యోనిగ్ అనే ఇద్దరు పిర్రోకోరిస్ పేగు నుంచి ఒక కొత్త బ్యాక్టీరియాను వేరుచేసి దానికి కోరియోబ్యాక్టీరియమ్ గ్లోమెరాన్స్ అని పేరు పెట్టారు. గ్లోమెరాన్స్ అంటే లాటిన్‌లో ఉండలా చుట్టుకునేది అని అర్థం. బేరిపండు ఆకారపు కణాలు పొడుగాటి గొలుసులుగా పెరిగి, చిక్కుపడిన దారపు ఉండల్లా కనబడతాయి. తర్వాత హసన్ సాలెం, మార్టిన్ కాల్టెన్‌పోత్ బృందం 2013లో పిర్రోకోరిస్‌తోపాటు డిస్‌డెర్కస్ ఫాసియేటస్ మీద కూడా పనిచేసి, గుడ్ల పైభాగాన్ని శుద్ధిచేసి ఈ బ్యాక్టీరియాను తొలగిస్తే పిల్లలు నెమ్మదిగా పెరుగుతాయని, ఎక్కువగా చస్తాయని, పెద్దవయినవి సరిగా గుడ్లు పెట్టవని చూపించింది. 2014లో అదే బృందం కారణం కూడా చెప్పింది. బ్యాక్టీరియా లేని పిర్రోకోరిస్‌కు తిండిలో బి విటమిన్లు కలిపి పెడితే నష్టం చాలావరకు పూడుతుంది. విటమిన్లు అందని పురుగు ఒళ్ళు ఆ విటమిన్లను పట్టుకునే, వాడుకునే జన్యువులను ఎక్కువగా పనిచేయిస్తుంది. అంటే పురుగు శరీరం ఆ లోటును గుర్తించి, దొరికిన ప్రతి చుక్కనూ లాక్కోవడానికి ప్రయత్నిస్తోందన్నమాట.

ఈ బ్యాక్టీరియా ఉండేది మధ్య పేగులోని మూడో భాగంలో. తల్లి గుడ్లు పెట్టేటప్పుడు పెంకులకు ఒక పూత అంటుతుంది, బ్యాక్టీరియా అందులో ఉంటుంది. మొదటి దశ పిల్లలు గింజను ముట్టకుండా పెంకుల దగ్గరే గుంపు కట్టి, వాటి మీద తొండాలు ఆనించడం వెనక ఉన్న పని ఇదే. అక్కడ తప్పిపోతే రెండో దారి గుంపులోని తోటి పురుగుల రెట్ట. మన పెరళ్ళలో చిక్కుడు తీగకు గుంపులుగా పట్టే గుండ్రటి కంపుపురుగు ఇంకా జాగ్రత్తపరురాలు. అది గుడ్ల వరుస కింద బ్యాక్టీరియా నింపిన చిన్న గోధుమరంగు గుళికలను విడిగా పెట్టిపోతుంది, పిల్లలు పుట్టగానే ముందు ఆ గుళికలను పీలుస్తాయి. ఎర్రనల్లి తల్లికి ఆ పొందిక లేదు. పూస్తుంది, వెళ్ళిపోతుంది.

శామీర్‌పేటలో హైపోక్లోరైట్ మార్చి నుంచీ కడిగేసింది ఆ పూతనే. జులై దాకా పాత డబ్బాల మురికి, పెద్ద పిల్లల సాంగత్యం ఆ లోటును పూడ్చాయి. కొత్త డబ్బాలు వచ్చాక ఆ దారీ మూసుకుంది.

ఇంతవరకూ ఇది అనుమానమే. అక్టోబరు మొదట్లో మేడ్చల్ దారిలో విత్తనానికి వదిలేసిన ఒక బెండ మడి నుంచి పది ఎర్రనల్లులను పట్టుకొచ్చి, గదిలోకి రానివ్వకుండా బయటే ఉంచాను. పొలం నుంచి తెచ్చిన పురుగుల పేగులో లెప్టోమోనాస్ జాతి ఏకకణ పరాన్నజీవులు ఉండే అవకాశం ఉంది, వాటిని గదిలోకి తీసుకువెళ్ళి ఇంకో కేసు సృష్టించుకోవడం నాకు ఇష్టం లేదు. పొలం పురుగులు మూడు, టబ్బు పురుగులు మూడు, కొత్త డబ్బాల్లో కష్టపడి పెద్దవయిన పురుగులు మూడు తీసుకుని, ఉప్పునీటి ద్రావణంలో పొట్ట చీల్చి మధ్య పేగు మూడో గదిని విడదీశాను. దాన్ని స్లైడు మీద నలిపి, స్పిరిట్ దీపం మీద ఆరబెట్టి, బ్యాక్టీరియాను రెండు రకాలుగా విడదీసి చూపే మామూలు గ్రామ్ రంగు వేశాను. ఈ బ్యాక్టీరియా ఆ రంగును పట్టి ఉంచే గ్రామ్ పాజిటివ్ రకం గనుక ఊదా రంగు పట్టాలి. పొలం పురుగు స్లైడులో, నూనె లెన్సు కింద, ఊదారంగు పూసల దండలు ఒకదాంట్లో ఒకటి దూరి, తల్లులు విడదీయలేని జడచిక్కులా కనబడ్డాయి. టబ్బు పురుగులోనూ అంతే. కొత్త డబ్బా పురుగు స్లైడులో గులాబిరంగు పేగు కణాలు, అక్కడక్కడ పొట్టి కడ్డీ బ్యాక్టీరియా తప్ప దండల జాడ లేదు. ఆ టెక్నీషియన్ అమ్మాయి మైక్రోస్కోపు నుంచి తలెత్తకుండా మూడు స్లైడులనూ నాలుగుసార్లు మార్చి మార్చి చూసింది.

గ్రామ్ రంగుతో జాతి పేరు చెప్పలేం, బ్యాక్టీరియాను గుర్తుపట్టడానికి వాడే 16ఎస్ అనే జన్యువును చదివితేనే అది తేలుతుంది. పురుగును బతికించడానికి మాత్రం పేరు అవసరం లేదు. కావలసింది ఇంకో సంగతి. చావులకు కారణం బ్యాక్టీరియా లేకపోవడమా, లేక హైపోక్లోరైట్ స్వయంగా గుడ్డులోకి ఇంకి పిల్లను దెబ్బతీయడమా? మేనేజర్ అడిగిన ఈ ప్రశ్న చాలా సరైనది, దీనికి జవాబు చెప్పకుండా కడగడం మానిపిస్తే రోగం తగ్గినా కారణం తెలియదు.

అందుకని టబ్బులోని ఆడపురుగులు రెండు రోజుల్లో పెట్టిన గుడ్లను కలిపి, నాలుగు ట్రేలకు యాభై చొప్పున పంచాం. మొదటి ట్రే గుడ్లను ముట్టుకోలేదు. రెండోదాన్ని వాళ్ళ పద్ధతి ప్రకారమే కడిగాం. మూడోదాన్ని అలాగే కడిగి, ఆరాక, టబ్బులోని ఖాళీ పెంకులనూ తాజా రెట్టనూ ఉప్పునీటిలో నూరి, ఆ ముద్దను సన్నని కుంచెతో గుడ్ల మీద పూశాం. నూరే ముందు టబ్బు పురుగుల పేగును తడి స్లైడులో చూసి, ఈదులాడే పరాన్నజీవులు లేవని నిర్ధారించుకున్నాం. నాలుగో ట్రేలో కడిగిన గుడ్ల నుంచి వచ్చిన పిల్లలకు తాగే నీటిలో బి విటమిన్ల మిశ్రమం కలిపి ఇచ్చాం. తిండి, నీటి వత్తి, గది, వెలుగు గంటలు అన్నిటికీ ఒకటే. ట్రేలు ముట్టుకునే క్రమం కూడా కడిగిన వాటితో మొదలుపెట్టి కడగని దానితో ముగించేలా రాసిపెట్టాం, లేకపోతే మన చేతివేళ్ళే బ్యాక్టీరియాను మోసుకెళ్ళి లెక్క చెడగొడతాయి.

నలభయ్యో రోజుకు మొదటి ట్రేలో 41 పెద్ద పురుగులు వచ్చాయి. కడిగిన రెండో ట్రేలో 7 వచ్చాయి. కడిగి పూత పెట్టిన మూడో ట్రేలో 37 వచ్చాయి. విటమిన్ల ట్రేలో 22 వచ్చాయి. మూడో ట్రే మేనేజర్ ప్రశ్నకు జవాబు: అంతే ద్రావణంలో, అంతే సేపు కడిగిన గుడ్లు, పూత తిరిగి దొరికేసరికి దాదాపు కడగని గుడ్లలాగే పెరిగాయి. దోషం ద్రావణంలో లేదు, అది తీసుకుపోయిన దానిలో ఉంది. రెండో ట్రేలో బతికిన ఏడింటినీ కోసి చూస్తే, రెండింటి పేగులో పూసల దండలు ఉన్నాయి, అంటే కడగడం కూడా నూటికి నూరుపాళ్ళు తుడిచేయలేదు. మిగతా అయిదు పొట్టిగా, వెలిసిన రంగుతో ఉన్నాయి. నాలుగో ట్రేను నేను పెద్ద సాక్ష్యంగా లెక్కపెట్టను. విటమిన్ నీళ్ళు రెండో రోజుకే జిగటగా మారేవి, ఏ పిల్ల ఎంత తాగిందో చెప్పలేం, ప్రచురితమైన ప్రయోగాల్లోలాగా విటమిన్లను తిండిలోనే కొలిచి కలిపే సౌకర్యం మాకు లేదు. ఒక గదిలో ఒకసారి చేసిన లెక్క ఇది. కానీ ఎటువైపు మొగ్గిందో స్పష్టంగా ఉంది, పైగా కడిగిన రెండో ట్రే పక్కన ఆ ఎరుపు రంగు తేడా అంకెలు చూడకముందే కనబడింది.

ఈ కేసులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది పురుగుల చావు కాదు, ఆ చావు మధ్యలో ఆగస్టులో వాళ్ళు పూర్తిచేసిన వేప మందు పరీక్ష. వేపలోని అజాడిరాక్టిన్ పురుగును వెంటనే చంపదు. తిండి మానిపిస్తుంది, కుబుసం విడవడాన్ని చెడగొడుతుంది, పిల్లను ఒకే దశలో ఆపేస్తుంది. అంటే పేగు బ్యాక్టీరియా పోయిన పురుగు లక్షణాలు, వేప మందు తగిలిన పురుగు లక్షణాలు పైకి చాలావరకు ఒకేలా ఉంటాయి. ఆగస్టు పరీక్షలో మందు వేసిన 40 పిల్లల్లో 36 చచ్చాయి. మందు వేయని పోలిక ట్రేలో 40లో 19 చచ్చాయి. వాళ్ళు, మందు లేకుండానే చచ్చేవాటిని లెక్కలోంచి మినహాయించడానికి 1925 నుంచి వాడుకలో ఉన్న అబట్ సూత్రం ప్రకారం, పోలిక ట్రేలో బతికిన 21లోంచి మందు ట్రేలో బతికిన 4 తీసేసి, 21తో భాగించి, మందు ప్రభావం 81 శాతం అని రాశారు. లెక్క తప్పు కాదు. సూత్రాన్ని వాడిన చోటు తప్పు. పోలిక ట్రేలో చావులు 20 శాతం దాటితే ఆ పరీక్షను పక్కన పెట్టాలనేది ఈ పనిలో సాధారణంగా పాటించే నియమం. దాని వెనక ఉన్న కారణాన్ని ఈ కేసు చక్కగా చూపిస్తుంది. మందు లేకుండా చచ్చేవీ, మందు వల్ల చచ్చేవీ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా చస్తాయని సూత్రం ఊహిస్తుంది. విటమిన్లు లేక కుబుసం అంచున ఊగిసలాడుతున్న పిల్లకు, కుబుసాన్నే దెబ్బతీసే మందు వేస్తే ఆ ఊహ నిలవదు.

డిసెంబరులో, కడగని గుడ్ల నుంచి వచ్చిన పిల్లలతో అదే మందును అదే మోతాదులో మళ్ళీ పరీక్షించారు. పోలిక ట్రేలో 40లో 3 చచ్చాయి, మందు ట్రేలో 22 చచ్చాయి. లెక్క 51 శాతానికి వచ్చింది. మందు పనిచేస్తుంది, కానీ ఆగస్టు కాగితం చెప్పినంత కాదు. మేనేజర్ ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసి, 81 ఉన్న నివేదికను ఖాతాదారుకు పంపలేదు. అతనికి అది సులువైన నిర్ణయం కాదని నాకు తెలుసు, పంపి ఉంటే నేను ఈ కేసు రాసేదాన్ని కాదు.

పెంపక పద్ధతిలో మేం చేసిన మార్పులు తక్కువే. గుడ్లు కడగడం పూర్తిగా ఆపేశాం. ఏదైనా రోగం వచ్చి కడగక తప్పని పరిస్థితి ఏర్పడితే, కడిగిన వెంటనే మూడో ట్రేలో చేసినట్టు పూత పెట్టాలి. ప్రతి కొత్త డబ్బాలోకి ఆరోగ్యమైన పెద్ద పురుగులున్న డబ్బా నుంచి ఒక చెంచాడు డొల్లలూ పెంకులూ వేస్తున్నారు. అలా వేస్తే వయసు కలుస్తుందేమోనని మేనేజర్ భయపడ్డాడు గానీ, ఖాళీ పెంకులు పిల్లలు కావు కాబట్టి ఆ భయానికి అర్థం లేదు. రిజిస్టరులో తిండి, నీరు, ఉష్ణోగ్రత గడుల పక్కన గుడ్డును దేనితో ముట్టుకున్నారో రాసే గడి ఒకటి చేరింది. నెలకోసారి రెండు పురుగులను కోసి గ్రామ్ రంగు వేసి చూడడం ఆ అమ్మాయి తన పనిగా తీసుకుంది, ఇప్పుడు నాకంటే వేగంగా మూడో గదిని విడదీస్తుంది. పాత టబ్బు బల్ల కింద నుంచి బల్ల మీదికి వచ్చింది, దానికీ తేదీ రాసిన చీటీ ఉంది.

మార్చిలో ఈ కథను మొదలుపెట్టిన బూజు మాత్రం పోలేదు. గుడ్లు పెట్టే ఇసుకను ఓవెన్లో వేడిచేసి వాడడం, తడిని సగానికి తగ్గించడం, చిన్న ఫ్యానుతో గాలి ఆడనివ్వడం వల్ల చాలా తగ్గింది. వానాకాలంలో ఇప్పటికీ పది కుప్పల్లో ఒకటో రెండో బూజు పట్టి పోతాయి. వాటిని కడగకుండా, ఫోర్సెప్స్‌తో ఏరి బయట పడేస్తున్నారు.